తొలి మ్యాచ్: న్యూ మెక్సికో మీద 40 పాయింట్ల తేడా అడగడం అత్యాశా?

నోవై నాన్న | 2025 ఆగస్టు 26, రాత్రి 9:10
శనివారం రాత్రి ఏడున్నరకు మన మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొదలు. దేశంలో మనది 14వ ర్యాంకు. వస్తున్నది న్యూ మెక్సికో యూనివర్సిటీ. పోయిన ఏడాది 12 మ్యాచ్‌లు ఆడి 5 గెలిచిన జట్టు అది. తర్వాత కోచ్ వెళ్లిపోయాడు, ఆటగాళ్లలో చాలామంది వేరే యూనివర్సిటీలకు మారిపోయారు. నా మాట సూటిగా చెబుతున్నాను: మనం 40 పాయింట్ల తేడాతో గెలవాలి. అంతకు తగ్గితే నేను దాన్ని గెలుపుగా లెక్కపెట్టను.

పోయిన ఏడాది తొలి మ్యాచ్ గుర్తుందా? ఫ్రెస్నో స్టేట్ మీద చివరి క్వార్టర్ దాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. ఆఖరికి 30-10 అయింది కదా అని చప్పట్లు కొట్టుకుంటూ ఇళ్లకు వెళ్లాం. వారం తిరిగేసరికి టెక్సస్ మన గడ్డ మీదికే వచ్చి 31-12తో ఓడించి పోయింది. మొదటి రోజు కనిపించిన లోపాన్ని గెలుపు మాటున దాచుకుంటే జరిగేది అదే.

కాంటన్ కుర్రాడు | రాత్రి 9:22
45-10. రాసిపెట్టుకోండి.

యాన్ ఆర్బర్ 2007 | రాత్రి 10:47
నాన్న గారూ, 40 అడిగే ముందు ఒక్కసారి 2007 సెప్టెంబరు 1ని తలచుకోండి. ఆ రోజు నేను విద్యార్థుల గ్యాలరీలో ఉన్నాను. అమెరికా వచ్చి రెండో ఏడు, స్టేడియం లోపల అడుగుపెట్టడం అదే మొదటిసారి. మనది 5వ ర్యాంకు. వచ్చింది నార్త్ కరోలినా కొండల్లోని బూన్ నుంచి అప్పలాచియన్ స్టేట్. మనకంటే ఒక మెట్టు కింది విభాగంలో ఆడే జట్టు. వాళ్లకు 4 లక్షల డాలర్లు ఇచ్చి మరీ పిలిచాం. నా పక్కన కూర్చున్న అబ్బాయి ఆట మొదలు కాకముందే వచ్చే వారం ఒరెగాన్ సంగతి మాట్లాడుతున్నాడు.

సగం ఆట అయ్యేసరికి వాళ్లు 28, మనం 17. మైక్ హార్ట్ 54 గజాలు పరుగెత్తి మనల్ని 32-31తో ముందుకు తెచ్చినప్పుడు, పరిచయం లేనివాళ్లు కూడా నన్ను కౌగిలించుకున్నారు. 26 సెకన్లు మిగిలి ఉండగా వాళ్లు ఫీల్డ్ గోల్ కొట్టారు, అంటే బంతిని తన్ని 3 పాయింట్లు, 34-32. ఆఖరున మనల్ని గెలిపించగల 37 గజాల కిక్ దొరికింది. వాళ్ల కోరీ లించ్ గాల్లోకి లేచి అడ్డుకున్నాడు. బంతి చేతికి తగిలిన చప్పుడు నాకు వినపడిందనే ఇప్పటికీ అనిపిస్తుంది. అంత దూరం నుంచి వినపడదని తెలుసు. 1,09,218 మంది ఉన్న చోట అంత నిశ్శబ్దాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అప్పటి నుంచి తొలి మ్యాచ్‌కు నా కోరిక ఒక్కటే. ఒక్క పాయింటుతో గెలిచినా చాలు.

లెక్కల మాస్టారు | రాత్రి 11:15
ఒక సవరణ. అప్పలాచియన్ స్టేట్ చిన్న జట్టు కాదు. 2005, 2006లలో తమ విభాగంలో జాతీయ విజేత. ఆ 2007లోనూ వాళ్లే గెలిచారు. కింది విభాగం అన్నంత మాత్రాన బలహీన జట్టు అయిపోదు. ఆ మ్యాచ్‌ను ఉదాహరణగా తేవడమే తప్పు.

యాన్ ఆర్బర్ 2007 | రాత్రి 11:31
మాస్టారూ, మన ర్యాంకు 5. వాళ్లను అసలు ఆ పట్టికలో చేర్చే ఆనవాయితీ కూడా అప్పట్లో లేదు. అంతకన్నా తేడా ఇంకేం కావాలి?

లెక్కల మాస్టారు | రాత్రి 11:38
వరుసగా మూడు టైటిళ్లు. చిన్న జట్టు అనకండి.

నోవై నాన్న | ఆగస్టు 27, ఉదయం 7:05
మాస్టారు చెప్పింది నిజమే. అది విజేతల జట్టు. న్యూ మెక్సికో అలాంటిది కాదు. కాబట్టి 40 అడగడం న్యాయమే.

టొలీడో శారద | ఉదయం 8:50
నేను అవతలి గట్టున చదువుకున్నదాన్ని. 2008లో మా టొలీడో మీ స్టేడియానికి వచ్చి 13-10తో గెలిచింది. ఆ వారమంతా మా క్యాంపస్‌లో పండుగే. మీరు పెద్ద మొత్తం ఇచ్చి చిన్న యూనివర్సిటీల జట్లను పిలుస్తారు. ఆ డబ్బు ఆ యూనివర్సిటీల్లో ఇతర క్రీడలకూ ఆసరా అవుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ వచ్చేవాళ్లు ఓడిపోవడానికి డబ్బు తీసుకుని రారు, ఆడటానికి వస్తారు. 40 అని ముందే రాసేస్తే ఎదురుగా మనుషులు ఉన్నారన్న సంగతే మరిచినట్టు.

న్యూ మెక్సికో కొత్త కోచ్ జేసన్ ఎక్ సంగతి కూడా చూడండి. పోయిన ఏడాది ఇదే సమయానికి ఆయన ఐడహో జట్టును తీసుకుని 3వ ర్యాంకు ఒరెగాన్ మీదికి వెళ్లాడు. ఒరెగాన్ గెలిచింది 24-14తో, అంతే. ఆ ఒరెగాన్ ఆ తర్వాత లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. తొలి మ్యాచ్ తేడా చూసి సీజన్ జాతకం చెప్పవచ్చంటే నేను ఒప్పుకోను.

కాంటన్ కుర్రాడు | ఉదయం 9:02
శారద గారి ఒరెగాన్ సంగతి బలమైనది. నేను 38-13కు దిగుతున్నాను.

నోవై నాన్న | మధ్యాహ్నం 1:20
గుంటూరు నుంచి మా నాన్నగారు, అమ్మ వచ్చారు. నాలుగు టికెట్లు కొన్నాను. ఆ డబ్బుతో వాళ్లిద్దరిలో ఒకరి విమాన ఖర్చు చాలావరకు వెళ్లిపోయేది. ఎదురుగా పయొనీర్ హైస్కూల్లో కారు పెట్టడానికి వేరే లెక్క. ఇంత పెట్టి తీసుకువెళ్లినప్పుడు మంచి ఆట చూపించమని అడగకూడదా?

యాన్ ఆర్బర్ 2007 | మధ్యాహ్నం 2:05
మంచి ఆట అడగండి. 40 అడగకండి. రెండూ ఒకటి కాదు. శనివారం క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి దాడిని నడిపేవాడిగా దిగుతున్న బ్రైస్ అండర్‌వుడ్‌కు పద్దెనిమిదేళ్లు నిండి పది రోజులు కూడా కాలేదు. నేను చెప్పిన 2007 మ్యాచ్ నాటికి అతని వయసు 13 రోజులు. కాలేజీలో అదే అతని మొదటి ఆట.

నోవై నాన్న | మధ్యాహ్నం 2:40
పిల్లవాడు పిల్లవాడు అంటున్నారు. అతనికి ముట్టేది కోటి డాలర్ల పైమాటే అని పత్రికలు రాశాయి. ఈ జులై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా జీతంలా చెల్లిస్తున్నాయి, ఒక్కో యూనివర్సిటీ అందరికీ కలిపి ఏడాదికి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. డబ్బు తీసుకున్నాక అడిగే హక్కు ఇచ్చినవాళ్లకు ఉంటుంది. మీరు ఇంకా 2007లోనే ఉండిపోయారు.

యాన్ ఆర్బర్ 2007 | మధ్యాహ్నం 3:12
అవును, ఉండిపోయాను. ఎందుకో చెబుతాను. ఫీజు కోసం ఆ ఏడాది ఒక స్టాటిస్టిక్స్ క్లాసులో జవాబు పత్రాలు దిద్దేవాడిని. ఫుట్‌బాల్ జట్టులో ఒక అబ్బాయి సందేహాలకు వచ్చేవాడు. అతని పేరు అప్పుడు ఎవరికీ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఓడిపోయిన మూడో రోజు సాయంత్రం వచ్చాడు. మోకాలికి ఐసు సంచి కట్టుకుని ఉన్నాడు, కరిగిన నీళ్లు నేల మీద కారుతున్నాయి. ప్రామాణిక విచలనం రెండుసార్లు చెప్పించుకున్నాడు. లేచేటప్పుడు, బస్సులో ఎవరో తనను గుర్తుపట్టి తిట్టారని చెప్పాడు. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. నోట్సు మీద పడిన నీళ్లు తుడిచి ఇచ్చాను.

మీకు స్కోరు బోర్డు మీద అంకెలే కనిపిస్తున్నాయి, నాన్న గారూ. వాళ్లు మీ ఉద్యోగులు కారు.

నోవై నాన్న | మధ్యాహ్నం 3:30
నాకు పాఠం చెప్పకండి. పదహారేళ్లు ఒక కంపెనీలో పని చేశాను. మూడు నెలలకోసారి అంకెలు అడిగేవారు, ఇచ్చేవాడిని. ఒక్క త్రైమాసికంలో లెక్క తప్పింది. శుక్రవారం మధ్యాహ్నం పిలిచి, సోమవారం నుంచి రావద్దన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. కుటుంబాన్ని పోషించేవాడు కదా అని నన్ను ఎవరూ జాలిగా చూడలేదు. అండర్‌వుడ్‌కు ఒక రాత్రికి వచ్చేది నాకు ఏడాదికి రాలేదు. మరి అతన్ని మాత్రం ఎందుకు అడగకూడదు?

టొలీడో శారద | సాయంత్రం 4:15
ఇప్పుడు అసలు మాట బయటపడింది. మీకు కావలసింది 40 పాయింట్లు కాదు. మిమ్మల్ని అడిగినట్టే అందరినీ అడగాలంటున్నారు. మీకు జరిగింది అన్యాయమని నేనూ అంటాను. అదే కొలతను ఇంకొకరి మీద పెట్టమంటే మాత్రం ఒప్పుకోలేను.

నోవై నాన్న | సాయంత్రం 4:22
డబ్బు అందుకున్నవాడు విద్యార్థి కాడు, శారద గారూ. అక్కడే మనకు పొసగదు.

యాన్ ఆర్బర్ 2007 | సాయంత్రం 4:40
డబ్బు అందుకున్నా విద్యార్థే. నాకు పొసగనిదీ అక్కడే. అయినా మీ ఉద్యోగం విషయం నాకు తెలియదు. తెలిసి ఉంటే ఇందాక ఆ చివరి మాట రాసేవాడిని కాదు.

లెక్కల మాస్టారు | సాయంత్రం 5:10
2014లో అప్పలాచియన్ స్టేట్ మళ్లీ వచ్చినప్పుడు మనం 52-14తో గెలిచాం. ఆ సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

కాంటన్ కుర్రాడు | ఆగస్టు 30, రాత్రి 11:25
34-17. జస్టిస్ హేన్స్ పరుగెత్తి 159 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు. అండర్‌వుడ్ బంతి విసిరి 251 గజాలు, ఒక టచ్‌డౌన్. నా రెండు లెక్కలూ తప్పాయి.

యాన్ ఆర్బర్ 2007 | రాత్రి 11:41
గెలిచాం. ఆఖరి క్వార్టర్‌లో గుండె నెమ్మదిగా కొట్టుకుంది. చాలా ఏళ్ల తర్వాత.

నోవై నాన్న | ఆగస్టు 31, రాత్రి 1:05
ఇప్పుడే ఇల్లు చేరాం. 17 పాయింట్ల తేడా చాలదు, ఇప్పటికీ అదే అంటాను. న్యూ మెక్సికో చేత 17 చేయించుకున్న డిఫెన్స్‌తో వచ్చే శనివారం ఓక్లహోమా గడ్డ మీదికి వెళ్లాలి, అదీ నా భయం.

మా నాన్నగారికి ఆట అర్థం కాలేదు. చలి అని అమ్మ శాలువా తనే కప్పుకున్నారు. రెండో సగంలో, 19వ నంబరు అబ్బాయి వయసెంత అని అడిగారు. పద్దెనిమిది అన్నాను. అక్కడి నుంచి ఆట అయ్యేదాకా ఆ నంబరు ఎక్కడుంటే అటే చూస్తూ కూర్చున్నారు.

టొలీడో శారద | ఉదయం 8:30
అమ్మగారికి ఆట ఎలా అనిపించింది?

నోవై నాన్న | ఉదయం 9:00
బ్యాండు నచ్చింది. వచ్చే ఏడాది టికెట్లు రెండు చాలన్నారు.