లో బీ (low B) తీగ చప్పగా మోగుతోంది: తీగ మార్చాలా, బేస్ గిటారే మార్చాలా?

ఐదుతీగలోడు:
నాది 34 అంగుళాల స్కేలున్న (అంటే తీగ మోగే భాగం పొడవు) ఐదు తీగల బేస్. నాలుగు తీగలు గణగణమంటాయి, అన్నిటికన్నా లావైన లో బీ మాత్రం దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుంది. కొట్టగానే థప్‌మని చప్పుడు, ఆ తర్వాత ఏ స్వరమో నాకే తెలీదు. 34 మీద బీ పలకదు, 35 అంగుళాలది కొనమంటున్నాడు ఫ్రెండ్. నిజమేనా?

మంద్రస్థాయి:
నిజమే. అదే తీగ, అదే స్వరం, కానీ స్కేలు 35 అయితే టెన్షన్ దాదాపు 6 శాతం పెరుగుతుంది. లో బీకి ఆ బిగువే కావాలి. నేను మారాక మళ్లీ వెనక్కి చూడలేదు.

తుప్పుతీగ:
6 శాతం కోసం గిటారే మార్చేయాలా అన్నా? 125 గేజ్ (తీగ లావు) తీసి 130 వేస్తే టెన్షన్ దాదాపు 8 శాతం పెరుగుతుంది, అయ్యేది ఒక్క తీగ ఖర్చు.

మంద్రస్థాయి:
లావు పెరిగేకొద్దీ తీగ కడ్డీలా బిర్రుగా తయారవుతుంది, మూలస్వరంతో పాటు పైన పలికే హార్మోనిక్స్ శ్రుతి తప్పుతాయి. నువ్వు చెప్పిన మందుతో జబ్బు ఇంకా ముదురుతుంది తమ్ముడూ.

పాతఫ్రెట్:
ఇద్దరూ కాస్త ఆగండి. ముందు ఆ బీ తీగ ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర నొక్కి మోగించి, పక్కనే ‘ఈ’ (E) తీగ ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా, మోగించి చూడమనండి, రెండూ ఒకే స్వరం కదా. ఐదో ఫ్రెట్ దగ్గర బాగుండి ఓపెన్‌లోనే చప్పగా ఉంటే అనుమానం నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) మీద, రెండు చోట్లా చప్పగా ఉంటే తీగ మీద, శాడిల్ (రెండో చివర తీగ ఆనే దిమ్మ) మీద, పికప్ (తీగ ఊపుని సిగ్నల్‌గా మార్చే మాగ్నెట్ భాగం) మీద. లావు తీగ శాడిల్ మీద సరిగ్గా వంగకుండా విల్లులా లేచి ఉంటుంది, శాడిల్‌కి కొంచెం ముందు బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కితే చాలాసార్లు అక్కడే సగం జబ్బు పోతుంది. బిగించేటప్పుడు తీగ మెలిపడినా ఇంతే, విప్పి మెలి తీసి మళ్లీ చుట్టాలి. ఇంకోటి, సౌండ్ తక్కువగా ఉందని అందరూ పికప్‌ని తీగకి దగ్గరగా లేపేస్తారు (నేనూ చాలాకాలం చేశాను ఆ పని), మరీ దగ్గరైతే మాగ్నెట్ లాగేసి తీగని సాఫీగా ఊగనివ్వదు. ఆంప్ మీద బాస్ నాబ్ తిప్పడం కూడా దండగే. ఓపెన్ బీ మూలస్వరం 31 హెర్ట్జ్, చాలా స్పీకర్లు అంత కిందికి దిగవు, మన చెవి పోల్చుకునేది ఎక్కువగా 62, 93 దగ్గర మోగేవాటిని బట్టే.

ఐదుతీగలోడు:
శాడిల్ ముందు నొక్కాను, పికప్ స్క్రూ రెండు చుట్లు దించాను. ఐదో ఫ్రెట్ దగ్గర ఇప్పుడు ‘ఈ’ (E) తీగతో పోటీ పడుతోంది! ఓపెన్‌లో మాత్రం ఇంకా కొంచెం బద్ధకం.

పాతఫ్రెట్:
అయితే నట్టే. గాడి ఇరుకై తీగ అడుగుదాకా దిగట్లేదేమో చూడు. ఆకురాయితో వెడల్పు చెయ్యి గానీ లోతు చెయ్యకు, ఓపెన్‌లో గరగర మొదలవుతుంది.

మంద్రస్థాయి:
అన్నీ చెయ్యి. కానీ ఒక్కసారి 35 పట్టుకుని వాయించి చూడు.

తుప్పుతీగ:
వదలడు ఈయన 😄