సమస్యాపూరణం: "పాట లేని సినిమ పాయసమ్ము"

కోనేటిగట్టు (తిరుపతి): ఈ వారం సమస్య లీలామహల్ కూడలి దగ్గర టీ కొట్టులో దొరికింది. పక్కన ఇద్దరు కుర్రాళ్లు సెకండ్ షో చూసొచ్చి వాదులాడుకుంటున్నారు. "పాటలు దండగన్నా, పాటొస్తే నేను బయటికి పోయి బజ్జీలు తిన్నా" అని ఒకడు. "పాటల్లేకుంటే ఇంక థియేటరెందుకురా?" అని రెండోవాడు. చేతిలో టీలు చల్లారిపోయినా ఇద్దరికీ పట్టలేదు. ఇంటికొచ్చేసరికి పాదం తయారైంది. ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. మీరు ఏ పక్షమైనా సరే, గణాలు (గురులఘువుల లెక్క) మాత్రం తప్పొద్దు.

చంద్రగిరి చిన్నోడు: అన్నా, "సినిమా"ని "సినిమ" చేశారేం?

కోనేటిగట్టు: ఈ పాదానికి కావలసిన సూర్యగణంలో (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) "సినిమా" పట్టదు. దీర్ఘం తీస్తే మూడు లఘువుల నగణం అయింది. అరువు మాటే కదా, ఆ మాత్రం చనువు తీసుకున్నా.

పుత్తూరు ప్రేక్షకుడు:

దొంగ దొరుకువేళ దూరదేశము పోయి
మంచుకొండపైన మసలనేల?
కథను కదలనిచ్చి కట్టిపడేసిన
పాట లేని సినిమ పాయసమ్ము.

కోనేటిగట్టు: ధార బాగుంది. యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడీ కావడం) కుదిరాయి. "కట్టిపడేసిన" వాడుక మాటే అయినా ఈ విషయానికి అదే అందం. చిక్కు మొదటి పాదంలో ఉంది. దూరదేశం పోయిందెవరో చెప్పలేదు. చదివితే దొంగే తప్పించుకుని పోయినట్టుంది!

పుత్తూరు ప్రేక్షకుడు: హీరో సామీ, హీరో! మాది అరవం వినబడే ఊరు. మా నాయన 1954 నాటి శివాజీ గణేశన్ సినిమా 'అంద నాళ్' గురించి పదేపదే చెప్పేవాడు. హత్య కథ, ఒక్క పాట కూడా లేదు. తీసిన ఎస్. బాలచందర్ ఏమో వీణ విద్వాంసుడు! సంగీతం తెలిసినవాడే పాట వద్దనుకున్నాడంటే ఆలోచించండి.

పలమనేరు పంతులు:

మాట లేకపోయె, పాట కూడను లేదు;
నవ్వు తగ్గలేదు నాటినుండి;
పుష్పకమును జూచి పొంగిపోయెడు నాకు
పాట లేని సినిమ పాయసమ్ము.

కోనేటిగట్టు: మొదటి పాదంలో మాట–పాట ప్రాసయతి (మొదటి అక్షరం బదులు రెండో అక్షరం కలవడం) చక్కగా పడింది. 1987 నాటి సింగీతం శ్రీనివాసరావు వారి సినిమా గుర్తు చేశారు. ఒక్క మాట. 'పుష్పక విమానం'లో పాట లేదు గానీ సంగీతం ఉంది. ఎల్. వైద్యనాథన్ నేపథ్య సంగీతం తీసేసి చూస్తే ఆ నవ్వుల్లో సగం రావు. అది మీ పద్యం తప్పు కాదనుకోండి.

చంద్రగిరి చిన్నోడు: నాది మొదటి ప్రయత్నం. తిట్టొద్దు.

చేతివాచి చూడ సీనుసీనుకు మారు,
చొక్కరంగు వేరె పాటలోన;
ఎడిటరొకడు కూర్చి యేర్పరచిన పొర-
పాట లేని సినిమ పాయసమ్ము.

పలమనేరు పంతులు: తిట్టను గానీ వదలను కూడా. మనది విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డి వారి పాత చిత్తూరు జిల్లా నాయనా, విమర్శలో మొహమాటం లేదు. రెండో పాదంలో యతి లేదు. "చొ"కి "పా" ఎట్లా చెల్లుతుంది? ఇక "పొర-పాట" విరుపు తెలివైనదే, కానీ మాట "పొరపాటు". "పొరపాట లేని" అనడమే పెద్ద పొరపాటు.

చంద్రగిరి చిన్నోడు: అయితే "వేలం-పాట" అని విరిస్తే? మొదటిరోజు టికెట్లు బ్లాకులో అట్లాగేగా అమ్మేది!

పలమనేరు పంతులు: ఊహ భలే ఉంది, గణం ఒప్పుకోదు. "వేలం" అంటే వరుసగా రెండు గురువులు. ఆటవెలదిలో మూడో పాదం చివర రెండు గురువులు రావు. యతి మాత్రం "చొక్కరంగు వేరె చోటచోట" అంటే సరిపోతుంది. చేతివాచీ మారడం గమనించావు చూడు, అది నాకు నచ్చింది.

చిత్తూరు పిన్ని: మగవాళ్లంతా పాటల మీద పడ్డారే! చిత్తూరు పేరును ఇంటిపేరులా మోసిన నటుడు, గాయకుడు నాగయ్యగారు వింటే ఏమనుకునేవారు? ఆయన 'త్యాగయ్య' సినిమాలో పాటలు తీసేస్తే ఇంక మిగిలేదేముంది? నా పూరణ:

చక్కెరయిడకుండ జాముసేపుడికించి
పెట్టినట్టిదదియె బిడ్డలార!
కథయు నటన యెంత ఘనముగానున్నను
పాట లేని సినిమ పాయసమ్ము.

కోనేటిగట్టు: నమస్కారం పిన్నీ! నేనిచ్చిన పాదంలో ఒక్క అక్షరం ముట్టుకోకుండా అర్థం తిరగేశారు. "జాముసేపుడికించి" దగ్గర గరిటె చప్పుడు వినబడింది. "కథయు నటన" కన్నా "కథయు నటనయు" అంటే వ్యాకరణం నిండుగా ఉండేది, కానీ గణం తప్పేది. ఈ వారానికి మీదే మొదటి పద్యం.

పుత్తూరు ప్రేక్షకుడు: పిన్నీ, మా ఇంట్లో షుగరుంది. చక్కెర లేని పాయసమే మాకు గతి!

చిత్తూరు పిన్ని: అందుకేనా నాయనా నీకు పాటలు గిట్టనిది?

కోనేటిగట్టు: సరే, వచ్చే వారానికి: "మాట రాని వాడు పాటగాడు". ఇదీ ఆటవెలది నాలుగో పాదమే. చిన్నోడా, ఇందులో యతి ఎక్కడుందో ముందు నువ్వు చెప్పు.

చంద్రగిరి చిన్నోడు: మాట–పాట, ప్రాసయతి. పంతులుగారి పద్యంలో చూసి చెప్పా.