అద్దాల క్యాబినెట్‌లోకి లైట్ల ఎస్ఎంపీఎస్ తీసుకోవాలా, మామూలుది చాలా?

స్టూడియో_మిర్యాలగూడ:
అన్నలకు నమస్తే. పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి కొత్త మెషిన్ కట్టించుకుంటున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు కొనేశాను. క్యాబినెట్‌కి ముందూ పక్కనా అద్దమే. మెషిన్‌కి కరెంటు అందించే డబ్బా, ఎస్ఎంపీఎస్ ఒక్కటే మిగిలింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రెండు చూపించారు, రెండూ 650 వాట్లు, ధర ఇంచుమించు ఒకటే. ఒకటి ఫ్యాన్ చుట్టూ రంగుల లైట్లున్నది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర, ఇంకోటి ఏ లైటూ లేని నల్ల డబ్బా, గోల్డ్ ముద్ర. నా మనసు లైట్ల దాని మీదే ఉంది. ఏమంటారు?

పాలమూరు_పాతకాపు:
నల్ల డబ్బా. ఇందులో అడగడానికేముంది? సగం లోడు మీద గోడ నుంచి లాగిన కరెంటులో బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం మెషిన్‌కి ఇస్తాయి, మిగిలిందంతా వేడే. అదీ 23 డిగ్రీల గదిలో, 115 వోల్టుల మీద చేసిన పరీక్ష. మే నెలలో నీ షాపులో 23 ఉంటుందా? నేనూ ఒకసారి లైట్లది తెచ్చాను. పద్నాలుగు నెలలకు పోయింది. రాత్రి పదకొండింటికి ఒక రిసెప్షన్ వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి అన్నానికి పోయి వచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉంది, ఫ్యాన్ లైట్లు మాత్రం ఆకుపచ్చ, ఎరుపు, నీలం తిరుగుతున్నాయి. పార్టీకి పొద్దున ఇవ్వాలి. ఆ టెన్షన్ నీకొద్దు.

నాగర్‌కర్నూల్_22:
ఫ్యాన్ కిందికి పెట్టి బిగిస్తారు కదా, లైట్లు చీమలకు కనిపిస్తాయి 😂

స్టూడియో_మిర్యాలగూడ:
నా క్యాబినెట్‌లో కింద ఎస్ఎంపీఎస్‌ని కప్పే మూత లేదు తమ్ముడూ. ఫ్యాన్ పైకి పెడతాను, అద్దంలోంచి కనిపిస్తుంది.

పాలమూరు_పాతకాపు:
పైకి పెడితే గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలినే పీలుస్తుంది. కింద జాలీ ఇచ్చింది ఎందుకు మరి?

లెక్కల_సూర్యాపేట:
మెషిన్ 300 వాట్లు తీసుకుందనుకుందాం. బ్రాంజ్ గోడ నుంచి 353 లాగుతుంది, గోల్డ్ 333. తేడా 20 వాట్లు. రోజుకు ఎనిమిది గంటలు నడిపినా నెలకు ఐదు యూనిట్లు కూడా రావు. దీనికింత లొల్లా? పైగా ఆ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్తుంది గానీ లోపలి సరుకు మంచిదో కాదో చెప్పదు. గోల్డ్‌లోనూ చెత్తవి ఉన్నాయి.

పాలమూరు_పాతకాపు:
బిల్లు సంగతి నేనెక్కడ ఎత్తాను? వేడి అన్నాను. ఫ్యాన్ పైకి అంటున్నాడు, ముందు దాని గురించి చెప్పు.

కరెంటోడు_దేవరకొండ:
మీ ఇద్దరి ఫ్యాన్ గొడవ పక్కన పెట్టండి. స్టూడియో తమ్ముడూ, నీ పాత మెషిన్ వెనక స్క్రూ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుందా?

స్టూడియో_మిర్యాలగూడ:
చెప్పులు లేకుండా ముట్టుకుంటే అంటుందన్నా. అందరికీ అంతేగా?

కరెంటోడు_దేవరకొండ:
అందరికీ కాదు, ఎర్తింగ్ లేనోళ్లకు. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి బాడీకి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు డబ్బా మీదే కూర్చుంటుంది. షాపులో మూడో పిన్ను విరగ్గొట్టి పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉందేమో చూడు, ఉంటుంది. గోల్డ్ కొన్నా వజ్రం కొన్నా ముందు గుంత తీయించి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తింగ్ చేయించు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే కరెంటు పోగానే కొన్ని ఎస్ఎంపీఎస్‌లు ఆగిపోతాయి. సైన్ వేవ్‌దే ఉండాలి, కరెంటు పోగానే వెంటనే అందుకునేలా దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టు.

పాలమూరు_పాతకాపు:
అదంతా సరే. ఫ్యాన్ మాత్రం కిందికే.

స్టూడియో_మిర్యాలగూడ:
అన్నా, మా షాపు రైస్ మిల్లుల దారిలో ఉంది. సాయంత్రానికి టేబుల్ మీద వేలితో పేరు రాయొచ్చు, అంత ఊక దుమ్ము. కింద జాలీ వారానికే మూసుకుపోతుంది. అందుకే పైకి అంటున్నా.

పాలమూరు_పాతకాపు:
దుమ్ము సాకు తమ్ముడూ. నీకు లైట్లు కనిపించాలి, అంతే. పని చేతిలో ఉండాలి, డబ్బాలో కాదు. షోకులకు పైసలు పెట్టి తర్వాత ఇక్కడికొచ్చి ఏడ్చేటోళ్లను చాలామందిని చూశాను.

స్టూడియో_మిర్యాలగూడ:
అవును, షోకే. పైసలు నావి. మా రోడ్డులో మూడు స్టూడియోలున్నాయి. పెళ్లికూతురు తల్లి వచ్చి కుర్చీలో కూర్చుంటే ముందు చూసేది నా ఎడిటింగ్ కాదన్నా, మెషిన్. పోయిన మాఘంలో ఒకావిడ నా పాత క్యాబినెట్ చూసి “ఇది నెట్ సెంటర్ నుంచి తెచ్చినవా బిడ్డా?” అంది. అడ్వాన్స్ ఇవ్వకుండా లేచి పోయారు. మీకు తెలియదు ఆ బాధ.

పాలమూరు_పాతకాపు:
నాకు తెలియదా? న్యూటౌన్‌లో పదకొండేళ్లు షాపు నడిపాను. ఎదురుగా ఒకడొచ్చి క్యాబినెట్ నిండా లైట్లు పెట్టాడు. వాడికి కలర్ కరెక్షన్ రాదు. అయినా పార్టీలన్నీ అటే పోయాయి. షాపు తీసేసి ఇప్పుడు ఇంట్లో కూర్చుని వాడికే జాబ్ వర్క్ చేస్తున్నాను. అక్కడ లైట్లు చూసి మురిసిపోయేవాళ్ల పెళ్లి వీడియోలన్నీ కట్ అయ్యేది నా నల్ల డబ్బా మీదే. వాళ్లకా సంగతి తెలియదు.

నాగర్‌కర్నూల్_22:
🙏

స్టూడియో_మిర్యాలగూడ:
అన్నా, తప్పుగా అనుకోకు. మరి నువ్వూ లైట్లు పెట్టొచ్చు కదా అప్పుడే?

పాలమూరు_పాతకాపు:
పెట్టను.

లెక్కల_సూర్యాపేట:
నల్ల గోల్డే తీసుకుని, మదర్‌బోర్డుకు పోయే 24 పిన్ కేబుల్‌కి లైట్ల ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే సరిపోయే పనికి ఇంత దూరం వచ్చారు. అదే ముందు కనిపిస్తుంది, ఎస్ఎంపీఎస్ కన్నా. ఒక్కటే జాగ్రత్త, 5 వోల్టుల మూడు పిన్నుల లైట్లను మదర్‌బోర్డు మీది 12 వోల్టుల నాలుగు పిన్నుల దాంట్లో గుచ్చితే లైట్లు కాలిపోతాయి. వేరే ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన మాడ్యులర్ కేబుల్, అంటే ఊడదీసి పెట్టుకునేది, దీనికి పెట్టకు, పిన్నుల వరస ఒకటిగా ఉండదు.

స్టూడియో_మిర్యాలగూడ:
కరెంటోడు అన్నా, నువ్వు చెప్పిందే నిజం, మూడో పిన్ను లేదు. ఓనర్‌ని అడిగితే గుంత తన జాగాలో వద్దన్నాడు. బతిమాలితే ఆదివారం వెనక సందులో తీసుకోమన్నాడు. ఎస్ఎంపీఎస్ అదయ్యాకే.

పాలమూరు_పాతకాపు:
ఏది కొన్నా సరే, జాలీకి పాత చీర ముక్క కట్టి వారానికోసారి దులుపు. ఫ్యాన్ కిందికి.