పది మీటర్ల ఎయిర్ రైఫిల్: అమ్మాయికి ముందు ఏం కొనాలి, రైఫిల్‌ను ఎలా అమర్చాలి?

ప్రశ్న – ఒంగోలు నాన్న

పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉండి చదువుకుంటూ, ఏడాదిగా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. దశాంశాల లెక్కలో (ఒక్కో షాట్‌కు గరిష్ఠం 10.9) 60 షాట్లకు 590 నుంచి 600 మధ్య వస్తోంది. కొట్టేది క్లబ్బు రైఫిల్‌తోనే. దాన్ని మరో ఇద్దరు పిల్లలు కూడా వాడుతుండటం వల్ల బట్ ప్లేటునూ (భుజానికి ఆనే వెనక పలక) చీక్ పీసునూ (చెంప ఆనించే భాగం) ఎవరి కొలతకు వాళ్లు మార్చుకుంటారు. మా అమ్మాయి వంతు వచ్చేసరికి మొదటి పావుగంట వాటిని మళ్లీ సరిచేసుకోవడానికే పోతోంది.

పోయిన నెల పోటీలో మొదటి రెండు సిరీస్‌లు (పదేసి షాట్ల వరుసలు) బాగానే వచ్చాయి గానీ, మూడో సిరీస్ నుంచి పెల్లెట్లన్నీ (చిన్న సీసపు గుళ్లు) ఎడమ పక్కన పోగుపడ్డాయట. సైట్ (గురి చూసే సాధనం) తిప్పితే కాసేపు మధ్యలోకి వచ్చి, ఆ తర్వాత కుడి పక్కకు పోయాయట. ఎదిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్ద జాకెట్‌ను పాతది చూసి కొన్నాను. అది కూడా తప్పేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. నా చేతిలో ఉన్నది లక్షన్నర రూపాయలు. ముందు ఏం కొనాలో, రైఫిల్‌ను ఆమె ఒంటికి ఏ వరుసలో అమర్చాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – పాత షూటర్, విశాఖపట్నం

అన్నగారూ, జాకెట్ విషయంలో మీ అనుమానం నిజమే. రైఫిల్ జాకెట్ చలికోటు లాంటిది కాదు. నాలుగున్నర, ఐదు కిలోల బరువును గంటకు పైగా నిలబడి మోసే పిల్ల నడుముకూ వీపుకూ అది ఆసరా. వదులుగా ఉంటే ఆ ఆసరా ఉండదు సరికదా, పరికరాల తనిఖీలో కూడా ఇబ్బంది వస్తుంది. గుండీలు పెట్టినప్పుడు ఒక అంచు మీద మరో అంచు 100 మిల్లీమీటర్లకు మించి ఎక్కకూడదని అంతర్జాతీయ నియమం చెబుతోంది. పెద్ద జాకెట్‌ను బిగుతుగా లాగి గుండీలు వెనక్కి కుట్టించుకున్నవాళ్లు చాలామంది అక్కడే చిక్కుకుంటారు. గుడ్డ ఒక పొర మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు, మరీ గట్టిగానూ ఉండకూడదు. పాత జాకెట్లు కొనేటప్పుడు ఇవన్నీ కొలిపించి తీసుకోవాలి. అమ్మేవారి మాట చాలదు.

నా దృష్టిలో మీ డబ్బు ముందు కొలతకు కుట్టించిన జాకెట్‌కూ బూట్లకూ ఒక మంచి చేతి తొడుగుకూ పోవాలి. ప్యాంటు తర్వాత చూసుకోవచ్చు. రైఫిల్ ఎవరిదైనా కొట్టవచ్చు గానీ ఇంకొకరి జాకెట్‌లో ఎవరూ సరిగా నిలబడలేరు. పిల్ల ఎదుగుతుందన్న మాట నిజమే. అందుకే గుండీలు కొంత జరుపుకొనే వీలున్న జాకెట్ చూడండి, అంతేగాని భుజాల దగ్గర పెద్దది తీసుకోకండి. మా కోస్తాలో ఇంకో బెడద కూడా ఉంది: చెమటకు క్యాన్వాస్ నానిపోయి పట్టు వదిలేస్తుంది. సాధన అయ్యాక సంచిలో కుక్కకుండా నీడలో, గాలి తగిలేచోట వెడల్పాటి హ్యాంగర్‌కు వేలాడదీయాలి. మా అమ్మ ఒకసారి నా జాకెట్‌ను సబ్బునీళ్లలో నానబెట్టి ఉతికి ఆరేసింది. ఆ ఏడాది నేను దుప్పటి కప్పుకొని కొట్టినట్టే కొట్టాను.

జవాబు – రేంజ్ మెకానిక్, సికింద్రాబాద్

మీ అమ్మాయి పెల్లెట్లు ఎడమకు పోయిన సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది సైట్ తప్పు కాకపోవచ్చు. మొదటి రెండు సిరీస్‌లు మధ్యలో పడ్డాయంటే సైట్ సరిగానే ఉంది. అలసట వచ్చాక నడుము కొద్దిగా తిరిగిపోయి, రైఫిల్ తనంతట తాను చూసే దిక్కు మారి ఉంటుంది. అప్పుడు పిల్లలు చేతి కండరాలతో రైఫిల్‌ను బలవంతంగా నల్లచుక్క మీదికి లాగుతారు; ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కండరం సడలి, అది తిరిగి తన దిక్కుకే పోతుంది. సైట్ తిప్పితే ఆ తప్పుకు తగ్గట్టు కాసేపు సర్దుకుంటుంది, ఒళ్లు మళ్లీ కదలగానే అవతలి పక్కకు పడుతుంది. దీనికి పరీక్ష తేలిక: రైఫిల్ పట్టి కళ్లు మూసుకొని, రెండు ఊపిరులు తీసి వదిలి, కళ్లు తెరిచి చూడాలి. చుక్క పక్కకు ఉంటే చేతులతో కాక పాదాలను కొద్దిగా జరిపి సరిచేసుకోవాలి. ప్రతి సిరీస్‌కూ ముందు ఒకసారి ఇలా చూసుకోవడం అలవాటు చేయించండి.

ఇక అమరిక. ముందు పిల్లను రైఫిల్ లేకుండా నిలబెట్టండి. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, తల నిటారుగా ఉండాలి, మెడ ముందుకు సాగకూడదు. ఆ భంగిమ కుదిరాకే రైఫిల్‌ను దాని దగ్గరికి తేవాలి. మొదట బట్ ప్లేట్ పొడవు: కుడి చేయి పిడిని పట్టుకున్నప్పుడు మణికట్టు వంగకుండా, చూపుడువేలి కొన ట్రిగ్గర్ మీద తిన్నగా పడాలి. ఆ తర్వాత బట్ ప్లేట్ ఎత్తు. అది ఎంత కిందికి ఉంటే భుజంలో రైఫిల్ అంత పైకి లేస్తుంది, తల అంత నిటారుగా ఉంటుంది. అప్పటికీ తల వంచాల్సి వస్తే సైట్ల కింద దిమ్మెలు వేసి సైట్లనే పైకి తేవాలి. చీక్ పీస్ ఆఖరుకు రావాలి. కళ్లు మూసుకొని చెంప ఆనించి, తెరిచినప్పుడు వెనక సైట్ రంధ్రం మధ్యలో ముందు సైట్ వలయం దానంతట అదే కనబడితే చీక్ పీస్ కుదిరినట్టు. చెంపతో నొక్కితేనో వెతికితేనో కనబడితే కుదరనట్టు.

ఇంత పట్టుదల ఎందుకో లెక్క చెబుతాను. లక్ష్యం మీద 10 రింగు అన్నది 0.5 మిల్లీమీటర్ల చుక్క. ఒక రింగుకూ మరో రింగుకూ మధ్య 2.5 మిల్లీమీటర్లు. రెండు సైట్ల మధ్య దూరం 85 సెంటీమీటర్లు అనుకుందాం. చెంప ఒత్తిడి మారి కన్ను వెనక సైట్ మధ్య నుంచి 0.2 మిల్లీమీటర్లు జరిగితే, పది మీటర్ల దూరానికి అది దాదాపు 2.35 మిల్లీమీటర్లు అవుతుంది. దాదాపు ఒక రింగు పోయినట్టే. అదే రైఫిల్ మొత్తంగా 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే పోయేది ఆ 0.2 మాత్రమే. చేయి వణుకుతోందని పిల్లలు బెంగపడతారు గానీ, వాళ్ల రింగులను తినేది చాలాసార్లు చెంపే.

ముందు సైట్ వలయాన్ని మరీ బిగుతుగా పెట్టకండి. నల్లచుక్క వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, దాని చుట్టూ తెల్లటి అంచు స్పష్టంగా కనబడాలి. చిన్న వలయం పెడితే గురి పదునుగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, చుక్క అంచు తగులుతోందేమోనన్న భయంతో పిల్ల ట్రిగ్గర్ నొక్కకుండా నిలబడిపోతుంది. నేను 4 మిల్లీమీటర్లకు కొంచెం పైనే మొదలుపెడతాను. బరువు విషయంలో 5.5 కిలోలు నియమం పెట్టిన గరిష్ఠం మాత్రమే. పద్నాలుగేళ్ల పిల్లకు అదనపు బరువులన్నీ తీసేసి మొదలుపెట్టి, నెలకు కొంచెం చొప్పున బలం చూసుకుంటూ కలపండి.

కొలతలన్నీ కుదిరిన రోజున ప్రతి మరనూ ఫొటో తీసి, పక్కనున్న గీతల అంకెలను ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. అప్పుడు పంచుకున్న రైఫిల్‌నైనా పావుగంటలో కాక ఐదు నిమిషాల్లో సర్దుకోవచ్చు.

జవాబు – గుంటూరు శిష్యుడు

విశాఖ అక్కయ్యగారి మాటతో నాకు పూర్తి అంగీకారం లేదు. మూడు చేతులు మారే రైఫిల్‌తో ఎంత మంచి జాకెట్ వేసుకున్నా అమరిక నిలవదు. మన దేశంలో తయారైన మ్యాచ్ రైఫిళ్లు ఇప్పుడు విదేశీ రైఫిళ్ల కంటే చాలా తక్కువకు దొరుకుతున్నాయి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, ఆన్‌షూట్స్ లాంటివే కావాలని పట్టుబట్టకపోతే మీ బడ్జెట్‌లో రెండూ కుదరవచ్చు. నేను స్వదేశీ రైఫిల్‌తోనే రాష్ట్ర పోటీలకు వెళ్లాను, తేడా నా వల్లే వచ్చింది గానీ రైఫిల్ వల్ల రాలేదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి గల ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అవసరం లేదు. బిల్లునూ తయారీదారు ఇచ్చే పత్రాన్నీ మాత్రం ప్రయాణంలో ఎప్పుడూ వెంట ఉంచుకోండి.

మళ్లీ – ఒంగోలు నాన్న

మీ అందరికీ కృతజ్ఞతలు. కళ్లు మూసే పరీక్ష నిన్న చేయించాను. ఇరవై షాట్ల తర్వాత రైఫిల్ చుక్కకు బెత్తెడు ఎడమకు పోయిందట. కోచ్ గారు చూసి నవ్వారని చెప్పింది. రైఫిల్ గురించి ఇంట్లో ఆలోచిస్తున్నాం. ఒక పాత రైఫిల్ చూశాను, పెల్లెట్‌ను తోసే గాలి నింపే సిలిండర్‌తో సహా ఇస్తామంటున్నారు. దేన్ని చూసి తీసుకోవాలి? పెల్లెట్ల డబ్బాల మీద 4.49, 4.50 అని రాసి ఉంటుంది కదా, వాటిలో ఏది తీసుకోవాలి?

జవాబు – రేంజ్ మెకానిక్, సికింద్రాబాద్

పాత రైఫిల్‌లో ముందు చూడాల్సింది సిలిండర్ మీద కొట్టిన తేదీ. మ్యాచ్ రైఫిళ్ల సిలిండర్లకు తయారీ నుంచి సాధారణంగా పదేళ్ల గడువు ఉంటుంది. గడువు తీరని సిలిండర్ తెచ్చుకునే బాధ్యత షూటర్‌దేనని పోటీ నియమాలే చెబుతున్నాయి. 200 బార్ల ఒత్తిడి గాలి అంటే చిన్న విషయం కాదు. గడువు దాటితే అది చవకగా వస్తున్నా వద్దనండి, కొత్త సిలిండర్ ఖర్చును బేరంలో తగ్గించుకోండి. గాలి నింపేచోట నూనె, గ్రీజు ఉండకూడదు. అందుబాటులో ఉంది కదా అని ఆక్సిజన్ మాత్రం ఎన్నడూ ఎక్కించకూడదు, అది పేలిపోతుంది.

డబ్బా మీద ఉన్న అంకె పెల్లెట్ తల వ్యాసం. ఏది మంచిదో ఎవరూ ముందే చెప్పలేరు, ఒక్కో గొట్టానికి ఒక్కోటి నచ్చుతుంది. మూడు నాలుగు రకాల డబ్బాలు తెచ్చి, రైఫిల్‌ను బెంచికి బిగించి, ఒక్కో రకానికి పదేసి పెల్లెట్లు కొట్టి, రంధ్రాల గుంపు ఏది చిన్నదో చూడండి. నచ్చిన దాన్ని అదే బ్యాచ్ నంబరుతో ఒకేసారి ఎక్కువ డబ్బాలు కొనుక్కోండి. పెల్లెట్లు సీసంతో చేసినవి. పిల్లలు వాటిని పళ్ల మధ్య పెట్టుకోవడం నేను చూశాను. ఆ అలవాటు మాన్పించండి, తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి.

పోటీ రోజున ఒక్క మాట గుర్తుంచుకోండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా సైటింగ్ షాట్ (లెక్కలోకి రాని, గురి సరిచూసుకునే షాట్) ఒకటి 4 దగ్గర పడిందని ఆయనే చెప్పుకున్నారు. సైట్ ఎలాగో కదిలిందని గ్రహించి, సరిచేసుకుని, ఆ ఫైనల్‌లోనే బంగారు పతకం తెచ్చారు. మీ అమ్మాయి రైఫిల్ కూడా కారు డిక్కీలోనో రైలులోనో ఊగి వస్తుంది కాబట్టి, తయారీకీ సైటింగ్‌కూ ఇచ్చే 15 నిమిషాల్లో మొదటి నాలుగైదు షాట్లు పడేదాకా సైట్ ముట్టుకోవద్దు. గుంపు ఎక్కడ పడిందో చూసి, దాని మధ్యను లెక్కలోకి తీసుకుని ఒక్కసారి తిప్పాలి. ఒక్కో షాట్‌కు ఒక్కోసారి తిప్పితే అది చివరిదాకా తిరుగుతూనే ఉంటుంది. అసలు పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు. మూడో సిరీస్ తర్వాత రైఫిల్‌ను స్టాండు మీద పెట్టి, నీళ్లు తాగి, పాదాలు మళ్లీ కుదుర్చుకోమని చెప్పండి.