మేకు కొట్టకుండా మెట్లకు చెక్క కటకటాలు బిగించేదెట్లా?

అన్నలారా, మాది ప్రొద్దుటూరు. మా జేజినాయన కట్టించిన మిద్దెలో టేకు మెట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. పక్కనుండే కటకటాలకే చెదలు పట్టినాయి. కొత్తగా 14 టేకు కడ్డీలు లేతు మీద తిప్పించి తెచ్చినా. పాతవాటి మాదిరే కొనలకు కుసులు, అంటే బెజ్జంలో దూరే సన్నని నాలుకలు, చెక్కి బెజ్జాల్లో దించాలని నా ఆశ. ఆయన చేతిపని అట్లే నిలవాల.

చిక్కు ఏందంటే, చేతిపట్టీ ఏటవాలు. కడ్డీ మాత్రం నిటారుగా నిలవాల. ఏటవాలు కొలత చూసుకునే ఒక కడ్డీ తల కోసినా. పైవైపు అతుక్కునింది, కిందివైపు గోరు దూరేంత సందు. ఉలితో సవరిస్తే కడ్డీ పొట్టిదైపోతాంది.

కడ్డీలన్నీ నేలమీదే పైనా కిందా ఉండే రెండు పట్టీలకు కూర్చి ఒకేసారి ఎత్తాల్నా, ఒక్కొక్కటే దించాల్నా?

ఇంకోటి, కింది స్తంభం ఊగుతాంది. స్తంభం బెజ్జానికీ కుసి బెజ్జానికీ కొంచెం తేడా పెట్టి చెక్కచీల కొడితే అదే లాక్కొని బిగుస్తాదని ఒక పెద్దాచారి చెప్పినాడు. ఆ తేడా అర నూలు (అంగుళంలో పదహారో వంతు) చాలునా? మా ఎండలకు చెక్క అడ్డంగా కుంచించుకుపోతాది, జిగురొక్కటే నమ్మలేను. ఇంట్లో రెండేండ్ల పాప ఉంది. చేతిపని తెలిసినోళ్లు దయచేసి చెప్పండి.