నాగార్జునకొండకు ఒక్కరోజు బస్సు యాత్ర: అనుపును వదిలి ఎత్తిపోతలకు తీసుకెళ్లడం సరైనదేనా?

వనస్థలిపురం వాసి (చర్చ ప్రారంభం)

పోయిన నెలలో మా ఇంటిల్లిపాదీ హైదరాబాద్ నుంచి నాగార్జునకొండకు గైడుతో కూడిన ఒక్కరోజు బస్సు యాత్రకు వెళ్లివచ్చాం. ఆ బస్సును ఏ సంస్థ నడిపిందో ఇక్కడ చెప్పను, ఎందుకంటే నా ఫిర్యాదు ఒక సంస్థ మీద కాదు, ఆ యాత్రను ఏర్పాటు చేసే తీరు మీద. పొద్దున ఏడున్నరకు బయలుదేరాం. ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సుమారు 150 కిలోమీటర్ల దారి, మధ్యలో టిఫిను, ఇంకోచోట టీ, వెరసి నాగార్జునసాగర్ చేరి లాంచీ ఎక్కేసరికి పదకొండున్నర అయింది. లాంచీలో దాదాపు గంట ప్రయాణించి దీవికి చేరాక గైడు గడియారం చూసి, "సరిగ్గా గంటలో అందరూ రేవు దగ్గరికి వచ్చేయాలి" అన్నారు.

ఆ గంటలో ఇరవై నిమిషాలు రేవు నుంచి మ్యూజియం దాకా పోయి రావడానికే సరిపోయాయి. మ్యూజియంలో మాంధాత జాతకం (బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటి) చెక్కిన పొడవైన రాతి దూలం ముందు నేను ఆగిపోయాను. పలనాటి సున్నపురాయి మీద ఒక్కో కథాఘట్టానికీ మధ్య ఒక స్త్రీపురుషుల జంటను నిలబెట్టి, శిల్పి కథను గళ్లు గళ్లుగా విడదీశాడు. కథ ఏ వైపు నుంచి ఏ వైపుకు నడుస్తున్నదో తెలుసుకోవాలనే ఆసక్తితో వంగి చూస్తుండగానే వెనక నుంచి పిలుపు వచ్చింది. తిరిగి కట్టిన మహాచైత్యాన్ని, అంటే పెద్ద బౌద్ధ స్తూపాన్ని, నడుస్తూనే చూశాం. శ్రీలంక భిక్షువులకు సంబంధించిన సింహళ విహారాన్ని మాకు చూపించనే లేదు.

భోజనం తరువాత బస్సు ఎత్తిపోతల జలపాతానికి వెళ్లింది. అక్కడ మాకు ఇచ్చిన సమయం ఒక గంటా పది నిమిషాలు, అంటే పదిహేడు వందల ఏళ్ల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురికి ఇచ్చిన దానికన్నా పది నిమిషాలు ఎక్కువ. లోయ సాగర్ జలాశయంలో మునిగిపోకముందు విప్పి తెచ్చి, రాతికి రాయి పేర్చి నిలబెట్టిన రంగస్థలం, విహారాలు, హారీతి (బౌద్ధ దేవత) గుడి ఉన్న అనుపు కూడా ఎత్తిపోతల ఉన్న కృష్ణ కుడిగట్టునే, దీవి రేవైన విజయపురి సౌత్‌కు దగ్గరలోనే ఉన్నా, అటువైపు బస్సు తిరగలేదు. అనుపు గురించి అడిగితే, "అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవండీ, జనం ఇష్టపడరు" అని సమాధానం వచ్చింది.

చరిత్ర పేరు చెప్పి టికెట్టు అమ్మిన యాత్రలో చరిత్రకు దక్కవలసిన సమయాన్ని జలపాతానికి ఇవ్వడం సరైనది కాదని నా అభిప్రాయం. తోటివారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

విశ్రాంత ఉపాధ్యాయిని

మీ బాధ నాకు అర్థమైంది, కానీ మీ తీర్పుతో ఏకీభవించలేకపోతున్నాను. నాకు అరవై ఎనిమిదేళ్లు, మా వారికి మోకాళ్ల నొప్పులు. ఆ బస్సే లేకపోతే నాగార్జునకొండను మేము ఈ జన్మలో చూసేవాళ్లం కాదు. సొంతంగా వెళ్లాలంటే ఆర్టీసీ బస్సులో సాగర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని రేవుకు చేరాలి. లాంచీకి సరిపడా జనం పోగయ్యేదాకా ఎండలో కూర్చోవాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవన్న సంగతి తెలియక వెళ్లినవాళ్లు వట్టి చేతులతో తిరిగి వస్తారు. ఇవన్నీ బస్సువాళ్లు చూసుకుంటారు. మా తలనొప్పిని వాళ్లు తీసుకుంటున్నప్పుడు ఆ సమయంలో కొంత వాళ్ల లెక్కకు పోవడం సహజమే.

ఎత్తిపోతల విషయంలో మీరు కొంచెం కఠినంగా మాట్లాడారని కూడా అనిపించింది. మాతో పదేళ్ల మనవరాలు వచ్చింది. మ్యూజియంలో అరగంట అయ్యేసరికి పిల్ల కాళ్లు లాగుతున్నాయని మొదలుపెట్టింది. చంద్రవంక వాగు నీళ్లు పైనుంచి పడడం, కింద మొసళ్ల పెంపక కేంద్రం ఉందని వినడం దానికి పండుగ. ఆ జలపాతం లేకపోతే మా అబ్బాయి, కోడలు పిల్లను మాతో పంపేవారే కాదు, అప్పుడది మ్యూజియం మెట్లు ఎక్కే అవకాశమే ఉండేది కాదు.

బడిపంతులుగా పనిచేసినదాన్ని కనుక ఒక్క మాట. 1926లో ఆ లోయలో పాత స్తంభాన్ని చూసి, ఇది మామూలు రాయి కాదని గుర్తించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసినవారు సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు. ఆయన తెలియజేసిన తరువాతే శాసన విభాగం నుంచి సరస్వతి గారు వచ్చి చూశారు, ఆ వెనుక పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఈ సంగతి మా గైడు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, గంట సమయం తక్కువైనందుకన్నా ఆ గంటలో ఈ మాట చెప్పనందుకే నాకు ఎక్కువ లోటు అనిపించింది.

మాచర్ల మనవడు

ఇద్దరి మాటలూ చదివాను. మా తాతగారిది నాగార్జునకొండ లోయలోని పుల్లారెడ్డిగూడెం. సాగర్ ప్రాజెక్టు వల్ల ఊరు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు మా వాళ్లు మాచర్ల వైపు వచ్చి స్థిరపడ్డారు. అందువల్ల ఈ విషయం నాకు వినోదయాత్రకు సంబంధించినది మాత్రమే కాదు.

నెహ్రూ గారు 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. అంతకు ఏడాది ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతటా తవ్వకాలు మొదలై 1960 దాకా సాగాయి. నీళ్లు వచ్చేలోపు ఎంత తీయగలిగితే అంత తీయాలని జరిగిన పని అది. తాత చెప్పేవారు: ఒకవైపు ఊళ్లవాళ్లు దూలాలు, తలుపులు ఊడదీసుకుని బండ్ల మీద వేసుకుంటుంటే, మరోవైపు పురావస్తు శాఖవాళ్లు ఇటుకలకూ రాళ్లకూ గుర్తులు పెట్టి ఎత్తించుకుపోయేవారట. మీరు దీవి మీద చూసిన మహాచైత్యం మొదట కట్టినచోట లేదు. అది వెలసిన నేల ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. దీవి అంటున్నది ఆ రోజుల్లో లోయలోంచి తలెత్తి చూసే కొండ. లాంచీలో గంటసేపు మీరు దాటివచ్చిన నీళ్ల కిందనే అసలు విజయపురి ఉంది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ లాంచీ ప్రయాణాన్ని "దీవికి చేరడానికి పట్టిన సమయం" అని మొదటి టపాలో లెక్కగట్టారు. నా లెక్కలో అదీ చూడవలసిన స్థలంలోనే గడిపిన సమయం. ఆ గంట మా లాంచీలో సినిమా పాటలు పెట్టారు. మైకు ఉంది, గైడు ఉన్నారు, రెండు వైపులా నల్లమల కొండలు కనిపిస్తున్నాయి. మీరు ఏ ఊరి మీదుగా, ఏ విహారం మీదుగా పోతున్నారో చెప్పడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? సమయం లేదనడం నేను ఒప్పుకోను. ఉన్న సమయాన్ని వాడుకోవడం లేదు.

అనుపు గురించి మాత్రం వనస్థలిపురం వారితో పూర్తిగా ఏకీభవిస్తాను. అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవన్న మాట నన్ను నొప్పించింది. నాలుగు వైపులా మెట్ల వరసలు, మధ్యలో చదునైన దీర్ఘచతురస్రపు నేల, ఆ నేల మీద నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీద కూర్చున్నవారికి వినిపిస్తుంది. మా చెల్లెలు చిన్నప్పుడు అక్కడ నిలబడి ఎక్కాలు అప్పజెప్పింది, నేను చివరి మెట్టు మీద కూర్చుని తప్పులు పట్టాను. మ్యూజియంలో విసిగిపోయిన పదేళ్ల పిల్లకు ఇది జలపాతానికి తీసిపోయే అనుభవం అవుతుందని నేను అనుకోవడం లేదు, అమ్మా.

దారి చూపేవాడు

నేను కొన్నేళ్లుగా ఈ దారిలో గైడుగా పనిచేస్తున్నాను. ఇక్కడ చెప్పిన తప్పుల్లో కొన్ని నేను కూడా చేశాను కనుక దాచకుండా రాస్తాను.

ముందు సమయం సంగతి. రాత్రి తొమ్మిదిన్నరకల్లా బస్సు హైదరాబాద్ చేరాలి, ఆ తరువాత మెట్రో దొరకదేమోనని ప్రయాణికులే తొందరపెడతారు. దీవి దగ్గర లాంచీ ఎంతసేపు ఆగాలన్నది మా చేతిలో ఉండదు, తిరుగు ప్రయాణానికి మరో గుంపు గట్టున ఎదురుచూస్తూ ఉంటుంది. గాలి ఎక్కువైతే లాంచీ బయలుదేరదు. ఆ రోజున దీవి మొత్తం పోయి, జలపాతమే యాత్రను నిలబెడుతుంది. 2022లో సాగర్ దగ్గర బుద్ధవనం అనే బౌద్ధ ఉద్యానం ప్రారంభమైనప్పటి నుంచి అది కూడా జాబితాలో చేరింది. అదీ 274 ఎకరాల స్థలం. ఒక్క పూటలో ఇన్ని పెట్టి ఏ ఒక్కదానికీ న్యాయం చేయలేకపోతున్నామన్నది నిజం.

కానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరు. యాత్రికులు బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడి కథ వినాలని వస్తారు. ఆయన ఇక్కడే విశ్వవిద్యాలయం నడిపాడని చెబితే ఫోటోలు తీసుకుంటారు. ఈ లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన పేరు లేదని, నాగార్జునాచార్యుడి ప్రస్తావన ఉన్న శాసనం జగ్గయ్యపేటలో దొరికిందని, అది కూడా తరువాతి కాలపు శిష్యపరంపర వేయించినదని చెబితే ముఖాలు చిన్నబోతాయి. మొదట్లో నేను అడిగినవారికి ఇష్టమైనదే చెప్పాను. తరువాత మానేశాను.

వనస్థలిపురం వాసి

ముగ్గురికీ నమస్కారాలు. ఉపాధ్యాయిని గారూ, బస్సు వద్దన్నది నా ఉద్దేశం కాదు. అయినా మీరు చెప్పింది చదివాక నా మొదటి టపాలో ఆ దురుసు కనిపించింది. లాంచీ గంట గురించి మాచర్ల వారు చెప్పింది నాకు తట్టనే లేదు. నేనూ ఆ గంట ఫోను చూస్తూనే గడిపాను.

గైడు గారి చివరి మాట మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. నాగార్జునుడి కథ లేకపోతే చెప్పడానికి ఏమీ మిగలదనే భయం అక్కడ అవసరం లేదు. మహాచైత్యాన్ని ఉద్ధరించింది చాంతిసిరి. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి తోబుట్టువు, ఆయన కొడుకు వీరపురుషదత్తుడికి మేనత్త. వీరపురుషదత్తుడి ఆరవ పాలనా సంవత్సరంలో వేయించిన ఆయక స్తంభాల మీద ఆ వివరం ఉంది. చైత్యానికి నాలుగు వైపులా ఐదేసి చొప్పున నిలిపిన ఆ స్తంభాలు బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తులని అంటారు. దానం చేసినవారిలో ఇంతమంది ఆడవాళ్లు కనిపించే చోటు మన ప్రాంతంలో మరొకటి నాకు తెలియదు. అన్న అశ్వమేధం చేశాడు, చెల్లెలు బౌద్ధ స్తూపం కట్టించింది, మనవడి కాలంలో అదే ఊళ్లో పుష్పభద్రస్వామి పేరుతో శివుడికి గుడి వెలిసింది. ఈ మూడు మాటలు చెప్పడానికి మూడు నిమిషాలు చాలు.

మహాచైత్యపు పునాది బండి చక్రంలా ఆకులు ఆకులుగా ఉంటుంది, 106 అడుగుల వ్యాసం. ఆ ఆకుల మధ్య ఏర్పడిన గదుల్లో ఒకదానిలో లాంగ్‌హర్స్ట్‌కు దొరికిన వెండి పేటిక రెండున్నర అంగుళాల ఎత్తున చిన్న స్తూపంలా ఉంది, దానిలో బంగారు భరిణె, భరిణెలో చిన్న ఎముక ముక్క. ఆ ధాతువు ఇప్పుడు సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంది. ఇంత ఉన్నప్పుడు లేనిది కల్పించి చెప్పడం దేనికి?

ఎత్తిపోతల మీద నా పట్టు కొంత సడలిస్తాను. పిల్లలతో వచ్చేవారికి ఉంచండి. కానీ రెండు రకాల బస్సులు నడపవచ్చు కదా? ఒకటి జలపాతంతో, మరొకటి జలపాతం బదులు అనుపుతో, ఏది ఏమిటో టికెట్టు కొనేముందే తెలిసేలా. అనుపు బస్సు వారానికి ఒక్కసారి నడిచినా చాలు.

విశ్రాంత ఉపాధ్యాయిని

రెండు రకాలు అన్న మాట బాగుంది. అయితే అనుపులో వయసు మళ్లినవాళ్లు కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు ముందు ఏర్పాటు చేయాలి. ఆ రాళ్ల మధ్య ఎండలో మా వారిని నిలబెట్టలేను. అవి ఉంటే మనవరాలిని తీసుకుని ఈ చలికాలంలోనే వెళతాం, ఎక్కాల సంగతి చదివి అది ఇప్పటికే అడుగుతోంది.

దారి చూపేవాడు

రూట్లు మార్చడం నా పరిధిలో లేదు, పై వాళ్లకు ఈ చర్చను చూపిస్తాను. నా పరిధిలో ఉన్నది లాంచీ మైకు. వచ్చే శనివారం నుంచి పాటలు ఆపించి, బోధిసిరి శాసనంతో మొదలుపెడతాను. ఆమె రాణి కాదు, ఒక ఉపాసిక. తామ్రపర్ణి (శ్రీలంక) నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ ఆచార్యులు ధర్మం చాటిన దేశాలను వరసగా చెక్కించింది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రవిడ దేశాలు. ఆ జాబితా చదువుతూ ఉండగా లాంచీ నడిమి నీళ్లలో ఉంటుంది. మాచర్ల వారూ, మీ తాతగారి ఊరు ఏ దిక్కున ఉండేదో, ఏ కొండను ఆనవాలుగా పెట్టుకుంటే తెలుస్తుందో రాయగలరా? దాన్ని కూడా చేయి చూపి చెప్పాలని ఉంది.