జ్వరం వచ్చిన మొదటి రోజే విడాల్, సెలైన్, ఇంజెక్షన్: అవసరమా?

బెంజి సర్కిల్:
ఈ వానాకాలం మా అపార్టుమెంటులో జ్వరం తొక్కని గడప లేదు. ఎవరింటికి పలకరింపుకు వెళ్ళినా ఒకటే వరస. పొద్దున ఒళ్ళు కాలిందట, సాయంత్రానికి చేతికి సెలైన్, రాత్రికి ల్యాబ్ చీటీలో "టైఫాయిడ్ పాజిటివ్". ఇక ఐదు రోజులు రెండు పూటలా యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. దీన్ని వైద్యం అనడానికి నాకు మనసొప్పడం లేదు. కాదనేవాళ్ళు కారణం చెప్పి కాదనండి.

టైఫాయిడ్‌కు చేసే ఈ విడాల్ పరీక్ష 1896 నాటిది. అది క్రిమిని వెతకదు. క్రిమి మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను కొలుస్తుంది. అవి పరీక్షకు అందేటంత తయారు కావడానికి వారం దాకా పడుతుంది. మరి నిన్న రాత్రి మొదలైన జ్వరానికి ఇవాళ పాజిటివ్ ఎలా వస్తుంది? ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్లో, వేయించుకున్న టీకా వల్లో వచ్చి ఉండొచ్చు. మన ఊళ్ళలో నిక్షేపంగా తిరిగే మనిషి రక్తం తీసినా విడాల్ చీటీలో 1:80 అనే యాంటీబాడీ కొలత కనిపించడం వింతేమీ కాదు.

సెలైన్ సంగతీ అంతే. అర లీటరు నార్మల్ సెలైన్ సీసాలో ఉండేది నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. 5 శాతం గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల చక్కెర. వాంతులతో నోట్లో గుక్కెడు నిలవనివాళ్ళకు, బీపీ పడిపోయినవాళ్ళకు అది ప్రాణం నిలబెడుతుంది. మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నవాళ్ళకు ఎందుకు?

నా మాట ఇది: తెలివిగా ఉండి, తాగుతూ, ఒంటేలు బాగానే పోస్తున్న పెద్దవాళ్ళకు మొదటి రెండు మూడు రోజులు పారాసిటమాల్, విశ్రాంతి, నీళ్ళు చాలు.

సూర్యారావుపేట ల్యాబ్:
అన్నా, నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మీరు చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. మా ల్యాబు ముందు బెంచీ మీద కూర్చునేవాళ్ళలో సగం మంది తిరువూరు, నందిగామ, మైలవరం వైపు నుంచి వస్తారు. తోడు ఒక మనిషి, ఇద్దరి బస్సు చార్జీలు, ఇద్దరి కూలి పోయినట్టే. వాళ్ళకు "ఇవాళ వద్దు, మూడో రోజు రండి" అంటే మూడో రోజు రారు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి పోతారు. అందుకే డాక్టర్లు వచ్చినరోజే అన్నీ రాసేస్తారు.

ఇంకోటి, మొదటి రోజు పరీక్షలన్నీ దండగ కాదు. డెంగీకి ఎన్‌ఎస్1, అంటే వైరస్ ప్రోటీన్‌ను వెతికే పరీక్ష, మొదటి రోజు నుంచి ఐదో రోజు లోపే బాగా పట్టిస్తుంది. ఆలస్యమైతే అది తప్పిపోతుంది, అప్పుడు ఐజిఎం అనే యాంటీబాడీ చూడాలి. మలేరియాకు గాజు పలక మీద రక్తపు పూత ఏ రోజైనా తీయొచ్చు, ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. మన్యంలో మారేడుమిల్లి, చింతూరు వైపు తిరిగొచ్చి చలిజ్వరం అన్నవాళ్ళకు మూడు రోజులు ఆగమంటే అది ప్రమాదం. మలేరియా దోమ గుట్టు 1897లో రోనాల్డ్ రాస్ తేల్చింది మన సికింద్రాబాదులోనే. ఇన్నేళ్ళ తర్వాత మలేరియా పరీక్షను మనం వెనక్కి నెట్టకూడదు.

అరండల్‌పేట అమ్మమ్మ:
లంఖణం పరమౌషధం అన్నారు మన పెద్దలు. మా ఇంట్లో జ్వరానికి మొదటి పూట ఏమీ పెట్టేవాళ్ళం కాదు. తర్వాత గంజి, ఆ తర్వాత మిరియాల చారుతో మెత్తటి అన్నం. ఇప్పుడు బిడ్డకు వేడి తగలగానే బండెక్కించి కొత్తపేట ఆసుపత్రులకు తీసుకుపోతున్నారు. ఒంటికి తేరుకునే వ్యవధి ఇవ్వండి నాయనా.

జనరల్ మెడిసిన్ పీజీ, గుంటూరు:
అమ్మమ్మగారూ, గంజి, చారు రెండూ మంచివే. ఆకలి లేనప్పుడు బలవంతంగా కుక్కకూడదన్న మాటా నిజమే. లంఖణం పేరుతో నీళ్ళు కూడా మానేయడం మాత్రం వద్దు. ఒళ్ళు వేడెక్కితే నీరు ఎక్కువ ఖర్చవుతుంది. షుగరు బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి మానేస్తే చక్కెర పడిపోతుంది కూడా.

అసలు జ్వరం ఏమిటో ఒక మాట చెప్పుకోకపోతే ఈ చర్చ గాలిలో నడుస్తుంది. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని ఒక స్థాయిలో నిలబెడుతుంది. క్రిమి లోపలికి రాగానే మన రక్షణ కణాలు విడుదల చేసే పదార్థాలు అక్కడ ప్రోస్టాగ్లాండిన్‌ను పెంచుతాయి, ఆ స్థాయి పైకి జరుగుతుంది. ఒళ్ళు ఇంకా ఆ కొత్త స్థాయికి చేరలేదు కాబట్టి చలేస్తుంది, వణుకుతాం, రగ్గు కావాలంటాం. చేరాక కాలిపోతాం. స్థాయి దిగేటప్పుడు చెమటలు పడతాయి. పారాసిటమాల్ చేసేది ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గించడమే, క్రిమి జోలికి పోదు. మందు వేస్తే దిగి, నాలుగైదు గంటలకు మళ్ళీ ఎక్కితే మందు పనిచేయలేదని అర్థం కాదు.

సాధారణంగా 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటితే జ్వరం అంటాం. చంకలో పెడితే కొంత తక్కువ చూపుతుంది. సాయంత్రం వేడి పొద్దుటికంటే సహజంగానే ఎక్కువ. అంకె కంటే మనిషిని చూడండి. 103 ఉన్నా బిళ్ళ వేశాక లేచి మాట్లాడుతున్న పిల్లాడి కంటే, 100 ఉండి మగతగా పడి ఉన్న పిల్లాడి గురించి నాకు బెంగ ఎక్కువ.

బెంజి సర్కిల్ గారితో విడాల్ విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. మూడు రోజులు ఆగడమన్నది మాత్రం అందరికీ వర్తించదు. మూడు నెలల లోపు పసిబిడ్డకు 100.4 వచ్చిందంటే గంట కూడా ఆగకూడదు. గర్భిణులు, షుగరు ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బువాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు మొదటి రోజే డాక్టరును కలవాలి. ఎవరికైనా సరే ఆయాసం, మెడ బిగుసుకోవడం, తికమక మాటలు, ఒంటిమీద ఎర్రటి రక్తపు చుక్కలు, ఆగని వాంతులు, ఒంటేలు తగ్గిపోవడం కనిపిస్తే రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు.

తురకపాలెం పక్క ఊరు:
డాక్టరుగారూ, బెంజి సర్కిల్ గారూ, ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, నా మాట కూడా వినండి. 2025లో మా పక్కనే, గుంటూరు దగ్గర తురకపాలెంలో వరసగా మనుషులు పోయారు. చాలామందికి మొదట వచ్చింది మామూలు జ్వరమే అనుకున్నారు. సెప్టెంబరులో వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకున్నాయి. మెలియాయిడోసిస్ అనే పేరు మేం అప్పుడే విన్నాం. మట్టిలో, నీళ్ళలో ఉండే క్రిమి అట. షుగరు ఉన్నవాళ్ళకు, మద్యం ఎక్కువ తాగేవాళ్ళకు ముప్పు ఎక్కువట. అప్పటి నుంచి మా ఊళ్ళో ఎవరికి ఒళ్ళు వెచ్చబడ్డా ఇంటిల్లిపాదికీ నిద్రుండదు. "పారాసిటమాల్ వేసుకుని ఆగండి" అని మాకు చెప్పడం తేలిక. మొదటి రోజే అన్ని పరీక్షలూ చేయించి, ఇంజెక్షన్ కూడా వేయించుకుంటామంటే మాది తప్పెలా అవుతుందండీ?

జనరల్ మెడిసిన్ పీజీ, గుంటూరు:
మీ భయం న్యాయమైనదండీ. తొందరగా రావడం తప్పు కానే కాదు. వచ్చాక ఏం చేస్తున్నారన్నదే నా ప్రశ్న.

మెలియాయిడోసిస్‌ను విడాల్ పట్టలేదు. పట్టేది రక్తం కల్చర్, లేదా చీము, కఫం కల్చర్. కల్చర్ అంటే తీసిన రక్తంలో క్రిమిని పెరగనివ్వడం. ముందే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడిందనుకోండి, సీసాలో క్రిమి పెరగకపోవచ్చు. రిపోర్టు "ఏమీ లేదు" అని వస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. టైఫాయిడ్‌కూ ఇదే కథ. మొదటి వారంలో దాన్ని సరిగ్గా చూపేది రక్తం కల్చరే.

పైగా మన దగ్గర మొదటి రోజు ఎక్కువగా పడేది సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్. మెలియాయిడోసిస్‌కు అది నమ్మదగ్గ మందు కాదు. సెఫ్టజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం 10 నుంచి 14 రోజులు నరానికి ఇచ్చి, ఆ తర్వాత 3 నెలల పాటు బిళ్ళలు వాడాలి. స్క్రబ్ టైఫస్‌కైతే సెఫ్ట్రియాక్సోన్ అసలు పనిచేయదు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లి పిల్ల కుట్టడం వల్ల వచ్చే జబ్బు అది. చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉంటుంది. బట్ట తొలగించి చూస్తే కనబడుతుంది, చూడకపోతే ఐదు రోజుల ఇంజెక్షన్లు వృథా. దానికి డాక్సీసైక్లిన్ చాలా చవకైన మందు.

అందుకే నేను పదే పదే చెబుతున్నాను, మొదటి రోజు గుడ్డిగా వేసే ఆ ఇంజెక్షన్ డబ్బు దండగతో పోదు, అసలు జబ్బు ఆనవాలు చెరిపేస్తుంది. మీ ఊరివాళ్ళకు, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్ళకు, జ్వరం వస్తే ఇలా అడగండి: "ఇంజెక్షన్ వేసే ముందు కల్చర్‌కు రక్తం తీస్తారా?" మనిషి పరిస్థితి బాగా లేకపోతే రక్తం తీసిన వెంటనే మందు మొదలుపెడతారు, రిపోర్టు కోసం ఆగరు.

మిర్చి యార్డు:
సార్, నేను యార్డులో బస్తాలు మోస్తా. మూడు రోజులు పడుకోమంటన్నారు. మూడు రోజులు పడుకుంటే ఇంట్లో పొయ్యి ఎట్టా వెలుగుద్ది? సూది వేయించుకుంటే సాయంత్రానికి లేచి నిలబడతన్నాం. మాకు కావాల్సింది అదే. అది తప్పని పెద్దోళ్ళు చెబితే సరిపోదు.

ఇంకో సంగతి అడగాల. ఎండాకాలం యార్డులో మనుషులు ఒళ్ళు కాలిపోయి పడిపోతారు. జ్వరం బిళ్ళ మింగించి నీడన పడుకోబెడతన్నారు. సరైందేనా?

జనరల్ మెడిసిన్ పీజీ, గుంటూరు:
రెండోది ముందు చెబుతాను అన్నా, అది నిమిషాల మీద ఆధారపడింది. అది జ్వరం కాదు, వడదెబ్బ. జ్వరంలో మెదడే వేడి స్థాయి పెంచుతుంది. వడదెబ్బలో స్థాయి మామూలుగానే ఉంటుంది, ఒళ్ళు వేడిని బయటికి పంపలేక ఓడిపోతుంది. అందుకని పారాసిటమాల్ అక్కడ పనిచేయదు. ఒళ్ళు పొయ్యిలా ఉండి మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా చొక్కా విప్పి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ గట్టిగా గాలి ఆడేలా విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టండి. ఒకరు 108కి ఫోను చేయాలి, మిగతావాళ్ళు నీళ్ళు పోయడం ఆపకూడదు. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏమీ పోయొద్దు. మామూలు జ్వరానికి మాత్రం ఐసు నీళ్ళు వద్దు, వణుకు పెరుగుతుంది. గోరువెచ్చటి తడిగుడ్డ హాయిగా ఉంటే చాలు.

కూలి మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉందని చెప్పను. సాయంత్రానికి నిలబెట్టేది చాలాసార్లు ఆ సూదిలో కలిపిన నొప్పి మందు, లేదా స్టెరాయిడ్. డెంగీ ఉన్న మనిషికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు పడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అలా లేచి బస్తా ఎత్తడం మీ ప్రాణం మీదికి తెస్తుంది. మీకు మూడు రోజుల కూలి దొరికే ఏర్పాటు ఉండాలి. యార్డులో, కోల్డు స్టోరేజీల్లో దీని గురించి గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది, ఎవరు అడిగినా నేను వెంట వస్తాను.

గవర్నరుపేట మందుల షాపు:
మా కౌంటరు దగ్గర రోజూ వినేది "జ్వరానికి రెండు పూటలకి సెట్టు కట్టివ్వండి" అని. నేను ఇవ్వను, పక్క షాపుకు పోతారు. ఒక్క విషయం అందరూ గమనించండి. జలుబు బిళ్ళల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. దానికి తోడు డోలో 650 (అదీ పారాసిటమాలే) విడిగా వేసుకుంటే మోతాదు రెండింతలు. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, తాగుడు అలవాటున్నవాళ్ళకు, లివర్ జబ్బువాళ్ళకు ఇంకా తక్కువ. పిల్లలకు వయసు చూసి కాదు, బరువు చూసి ఇవ్వాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుల మధ్య కనీసం 4 గంటల ఎడం. సిరప్పులు, చుక్కల మందు ఒకే బలంతో ఉండవు, సీసా మార్చినప్పుడల్లా లేబులు చదవండి. నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పి మందును 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే నిషేధించారు. ఇప్పటికీ పేరు చెప్పి అడిగే తల్లిదండ్రులు ఉన్నారు.

రామవరప్పాడు అమ్మ:
మా బాబుకు మూడేళ్ళు. జ్వరం ఎక్కితే ఫిట్స్ వస్తాయి. ఆగమనే మాట మాకు కూడానా?

జనరల్ మెడిసిన్ పీజీ, గుంటూరు:
అక్కా, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు కొందరు పిల్లలకు అలా వస్తాయి. చాలావరకు మెదడుకు హాని చేయవు. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏవీ వద్దు. చేతిలో తాళాలు పెట్టే పని కూడా లేదు. 5 నిమిషాలు దాటినా, మళ్ళీ వచ్చినా, తర్వాత బాబు సరిగ్గా తెలివిలోకి రాకపోయినా వెంటనే ఆసుపత్రికి. మొదటిసారి వచ్చిన పిల్లలనైతే ఆగిపోయినా డాక్టరుకు చూపించాలి.

సూర్యారావుపేట ల్యాబ్:
ఇంతమంది మాట్లాడారు, డెంగీలో అందరూ అడిగే కణాల గురించి ఎవరూ అనలేదు. ప్లేట్‌లెట్లు లక్షకు దిగగానే ఇంటిల్లిపాదీ ఏడుస్తూ మా కౌంటరు దగ్గరికి వస్తారు. బొప్పాయి ఆకు రసం ఒకరు, కివి పండ్లు ఒకరు. రక్తస్రావం లేకపోతే 10 వేలకు పైన ఉన్నవాళ్ళకు సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. డాక్టర్లు అదే రిపోర్టులో పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా చూస్తారు, మీరూ ఆ అంకె అడగండి. అది పెరుగుతోందంటే రక్తనాళాల నుంచి నీరు బయటికి కారుతోందని.

జ్వరం తగ్గిన రోజే అసలు జాగ్రత్త. మూడు నుంచి ఏడో రోజు మధ్య, ఒళ్ళు చల్లబడ్డాక కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళలో రక్తం, నీరసంతో కూలబడటం ఉంటే ఆ డెంగీ ముదిరినట్టు. "జ్వరం పోయిందిగా" అని రిపోర్టు తీసుకోవడానికి కూడా రానివాళ్ళను చూశాను.

బెంజి సర్కిల్:
తమ్ముడూ, నీ మాటల్లో చాలావాటికి తల ఊపుతున్నాను. దూరం నుంచి వచ్చేవాళ్ళ ఇబ్బంది నేను ముందు లెక్కలోకి తీసుకోవాల్సింది. వాళ్ళకు మొదటి రోజే రక్తకణాల లెక్క, ఎన్‌ఎస్1, మలేరియా చేయండి. పీజీగారు చెప్పినవాళ్ళకు కల్చర్ తీయండి. తాగగలిగేవాళ్ళకు సెలైన్, కారణం తెలియని ఇంజెక్షన్ వద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. విడాల్ మీద నాకు ఇంకా జవాబు రాలేదు. మీ వీధిలో ల్యాబుల ముందు "ఫీవర్ ప్యాకేజీ" బోర్డులుంటాయి. అన్నిట్లో విడాల్ ఎందుకు ఉంది?

సూర్యారావుపేట ల్యాబ్:
చవక కాబట్టి, గంటలో చీటీ చేతికి వస్తుంది కాబట్టి. కల్చర్‌కు రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. "ఏదో ఒక పేరు చెప్పండి, నిశ్చింతగా ఇంటికి పోతాం" అనే జనం ముందు ఖాళీ చీటీ పెట్టడం కష్టం అన్నా. మా దగ్గర ప్యాకేజీ నిర్ణయించేది ఓనరు. మొదటి రోజు జ్వరానికి విడాల్ తీసేసి, ఆ ధర తగ్గించమని రేపు అడుగుతాను. తీస్తారని మాటివ్వలేను. ఈలోగా ఒక పని నా చేతిలో ఉంది: రక్తం తీసేటప్పుడు "జ్వరం ఎన్నో రోజు?" అని అడిగి చీటీ పైన రాస్తాను. చదివే డాక్టరుకు అది ఉపయోగపడుతుంది కదా?

జనరల్ మెడిసిన్ పీజీ, గుంటూరు:
చాలా ఉపయోగం తమ్ముడూ. దాని పక్కనే "ముందు ఏ ఇంజెక్షన్ పడింది" అని కూడా రాయి.